జీవకోటి సీనియారిటీ

కోటికొండ మీద మంత్రిగారి చేతిలోంచి కొబ్బరికాయ లాక్కుపోయిన కోతికి ఆధ్యాత్మిక విషయాల మీద పెద్ద ఆసక్తి ఉన్నట్టు ఆ రోజు ఎవరికీ అనిపించలేదు. అది కాయను మెట్టుకేసి కొట్టింది, నీళ్ళు తాగింది, ఒకసారి గోపురం వైపు చూసింది, తీరిగ్గా కూర్చుని కొబ్బరి కొరుక్కు తింది. చుట్టూ కెమెరాలున్నాయి. కోతి మీద కోప్పడితే సాయంత్రం వార్తల్లో కోతీ తనూ పక్కపక్కనే కనిపిస్తామని మంత్రిగారికి తట్టింది. అందుకని గట్టిగా నవ్వేసి, "చూశారా! మనం ఇంకా చెప్పులు విప్పుతున్నాం, అది నైవేద్యం కూడా పెట్టేసింది. మనకన్నా దాని ఆత్మే పైమెట్టు మీద ఉందయ్యా" అన్నారు.

అందరూ నవ్వారు. ఆలయ కార్యనిర్వహణాధికారి విశ్వపతిగారు మాత్రం నవ్వలేదు. కొండ మీద అందరూ ఈవోగారు అని పిలిచే ఆయన రాసుకుంటున్నారు.

ఆ శాఖలో మంత్రిగారు నోరు విప్పితే అది ఆదేశమే. వెనకటి మంత్రిగారు ఒకసారి మొహం తుడుచుకుంటూ "ఏం ఉక్కపోతయ్యా బాబూ" అన్నారు. వారం తిరక్కుండా కొండ మీద ప్రతి గదిలోనూ పెద్ద పంకాలు బిగించారు, అన్నదానం వంటశాలతో సహా. పొయ్యిలు వెలిగిస్తే ఆరిపోయేవి. పంకా ఆపుదామంటే ఆదేశాన్ని ఉల్లంఘించినట్టవుతుంది. పాపం, భక్తులు చాలాకాలం అటుకులు తిన్నారు.

కాబట్టి ఈవోగారి కలం కదలడం చూడగానే క్యూ లైన్ల సూపరింటెండెంటు వీరభద్రానికి గుండె గతుక్కుమంది. మంత్రిగారి చెప్పులకు కాపలాగా నిలబడ్డ వీరభద్రం ఆ నెలాఖరుకి రిటైరవుతున్నాడు. ఎవరి వెనక ఎవరు నిలబడాలో చెప్పడమే ఉద్యోగంగా బతికిన మనిషి. రికమండేషన్ చీటీతో వచ్చిన వాళ్ళని ముందు పంపమంటే పంపాడు, ఆపమంటే ఆపాడు. సొంతంగా మాత్రం ఎవరినీ ఒక్క అడుగు ముందుకు తొయ్యలేదు. ఆ సంగతి నలుగురూ చెప్పుకుంటుంటే విని లోపల్లోపల మురిసిపోయేవాడు కూడా.

ఆ మురిపానికి బలైపోయింది వాళ్ళమ్మ మాణిక్యమ్మ.

వీరభద్రానికి చిన్నతనంలో కళ్ళకేదో జబ్బు చేసి చూపు పోయేదాకా వచ్చింది. అప్పుడు మాణిక్యమ్మ, బిడ్డకి చూపు నిలిస్తే వెండి కళ్ళు చేయించి స్వయంగా తెచ్చి సమర్పించుకుంటానని కోటికొండ స్వామికి మొక్కుకుంది. చూపు నిలిచింది. వెండి కళ్ళు చేయించింది. ఇంతలో కొడుక్కి ఆ కొండ మీదే ఉద్యోగం వచ్చింది. ఇంకేముంది, రేపో మాపో వెళ్ళొచ్చనుకుంది. అయితే వీరభద్రం, "పండగ రద్దీ తగ్గనీ అమ్మా, సూపరింటెండెంటు తన వాళ్ళని ముందుకు తోసేశాడంటారు" అన్నాడు. మామూలు లైన్లో పంపుదామంటే ఆవిడ మోకాళ్ళు ఒప్పుకోలేదు. కొండ మీద రద్దీ ఎన్నడూ తగ్గలేదు. వెండి కళ్ళు బియ్యం డబ్బాలో గుడ్డమూటలో ఉండిపోయాయి. ఈలోగా మాణిక్యమ్మ సొంత కళ్ళకి పొర కమ్మడం మొదలైంది. ఆపరేషను చేసినా లాభం ఉండదని డాక్టరు చెప్పేశాడు.

"ఒరే ఈరభద్రం, ఆయన్ని చూడ్డానికి నాకింకో పది జన్మలున్నా, చూపున్నది ఈ నెలేరా" అంది ఆవిడ.

"చివరి రోజున స్టాఫ్ దర్శనం ఉంటుందమ్మా. రిటైరయ్యేవాణ్ణి కుటుంబంతో సహా నేరుగా గడప దాకా తీసుకెళ్తారు. అది నా హక్కు. ఒకళ్ళు వేలెత్తి చూపడానికి లేదు."

"హక్కంటే వెళ్దాంలే. అమ్మనంటే తీసుకెళ్ళలేదు గానీ" అంది మాణిక్యమ్మ. వీరభద్రం ఆ మాట వినపడనట్టు కంచం దగ్గర్నుంచి లేచిపోయాడు.

మరుసటి వారం ఈవోగారి గదిలో సమావేశం జరిగింది. మంత్రిగారి వాక్కును అమలు చెయ్యడానికి ఆచార్య సర్వేశ్వరంగారిని ఏకసభ్య సంఘంగా నియమించారు. ఆయన ఏదో విశ్వవిద్యాలయంలో జంతువుల మనస్తత్వం బోధించి, రిటైరయ్యాక టీవీలో పొద్దున్నే ప్రవచనాలు చెబుతున్నారు. జంతువుల గురించి అడిగితే వేదాంతం, వేదాంతం గురించి అడిగితే జంతువులు చెప్పడం వల్ల ఆయన్ని ఎదిరించే వాళ్ళు రెండు వైపులా లేకుండా పోయారు.

"మానవజన్మ ఉత్తమమైనదని ఇంతకాలం అనుకున్నాం" అని మొదలుపెట్టారు ఆచార్యులవారు. "అన్నదెవరు? మనుషులే. అయ్యా, నేనడుగుతున్నాను, సీనియారిటీ జాబితాని అభ్యర్థే తయారు చేసుకుంటే చెల్లుతుందా?"

"ముమ్మాటికీ చెల్లదు. ఆడిట్ అభ్యంతరం వస్తుంది" అన్నారు విశ్వపతిగారు.

"ఎనభైనాలుగు లక్షల జీవరాశులున్నాయి. వాటిలో తెలివీ ఉండి, అబద్ధం ఆడనిది ఏది? ఏనుగు. తెలివీ ఉండి, రేపటి కోసం దాచుకోనిది ఏది? కోతి. తెలివీ ఉండి, తెలివి ఉందని చెప్పుకోనిది ఏది?"

మనుషులెవరూ కారని మాత్రం అందరికీ అర్థమైంది.

"అంటే మంచి ఏనుగు మళ్ళీ ఏనుగ్గా పుడుతుందాండి?" అని అడిగారు విశ్వపతిగారు, శ్రద్ధగా.

"మోక్షానికి పోతుంది. తప్పు చేసిన ఏనుగు మనిషిగా పుడుతుంది."

"అర్థమైందండి. రివర్షన్, కింది పోస్టులోకి దింపడం."

వీరభద్రం గోడవారగా నిలబడి గొంతు సవరించుకున్నాడు. "మరి జనం సంగతేంటండి?"

"జనానికేమయ్యా? నిలబడతారు. వాళ్ళకలవాటే కదా" అన్నారు ఈవోగారు.

ముసాయిదా జాబితా నోటీసు బోర్డుకెక్కింది. ఏనుగు, కోతి, చిలక, కుక్క, మేక వరసగా ఉన్నాయి. గేదె స్థానం పరిశీలనలో ఉంది. మనిషి బాగా కిందకి, ఎండ్రకాయ తరువాత, 'తాత్కాలికం' అన్న మాటతో ఉన్నాడు. అభ్యంతరాలుంటే తెలపమని గడువిచ్చారు. గడువు ముగిశాక, పైస్థాయి జీవుల నుంచి ఎటువంటి అభ్యంతరమూ అందలేదు గనుక జాబితా ఖరారైనట్టు ప్రకటించారు. మనుషుల నుంచి సంచుల కొద్దీ అభ్యంతరాలొచ్చాయి. జాబితాలో కిందవాళ్ళు పైవాళ్ళ మీద రాసే ఫిర్యాదులు పట్టించుకోనక్కర్లేదని సర్వీసు నిబంధనల్లో ఉందట.

నిబంధనలు సులువుగానే ఉన్నాయి. పరీక్షలో నెగ్గిన జీవికి స్థాయిని బట్టి దర్శనం. ప్రతి జీవికీ ఒక మానవ సహాయకుడు. తక్కువ స్థాయి జీవి ఎక్కువ స్థాయి జీవిని ఏ కారణం చేతనూ దాటి ముందుకు వెళ్ళరాదు. ఒట్టి మనుషులు ఆఖరి లైన్.

రెండు రోజులకే జనానికి కిటుకు తెలిసిపోయింది. సహాయకుడైతే చాలు, గంటలో దర్శనం. కొండ కింద కొబ్బరికాయల కొట్లన్నీ 'దర్శనానికి మేకలు అద్దెకివ్వబడును' అని బోర్డులు మార్చేశాయి. ఆ వెనకే కోచింగ్ సెంటర్లు దిగాయి. 'మా తొలి బ్యాచ్‌లోనే మూడు మేకలకు ప్రథమశ్రేణి. ఏసీ కొట్టం, హాస్టల్ వసతి కలదు' అంటూ మేకల ఫొటోలతో ఘాట్ రోడ్డు పొడుగునా ఫ్లెక్సీలు. తెల్లారుతూనే ట్యూషన్లకి పోయే మేకలు, మధ్యాహ్నం రివిజన్‌కి పోయే కుక్కలు. ఒకాయన తన పొట్టేలుని పక్కింటి పొట్టేలు పక్కన నిలబెట్టి, "చూడు, దాన్ని చూసైనా సిగ్గు తెచ్చుకో" అని తిట్టడం వీరభద్రం చెవులారా విన్నాడు.

రికమండేషన్లూ ఆగలేదు. ఒక ప్రజాప్రతినిధి లెటర్‌హెడ్ మీద, 'ఈ లేఖ తెచ్చిన కుక్కను చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. మంచి కుటుంబానికి చెందినది. దీనికి తగు స్థాయి ఇప్పించగలరు' అని రాసి పంపారు. కుక్క పరీక్షలో నిద్రపోయింది. అది ధ్యానమని సర్వేశ్వరంగారు తేల్చారు.

గర్భాలయం దగ్గర ప్రధానార్చకుల వారి అవస్థ చెప్పనలవి కాదు. శఠగోపం పెడదామంటే కొమ్ములు అడ్డం. గోత్రం అడగకుండా అర్చన చెయ్యకూడదు. అడిగితే సహాయకులు జాతి చెబుతున్నారు. "జమునాపురి గోత్రోద్భవస్య" అని ఒక మేకకి అర్చన చేసిన సాయంత్రం ఆయన ఇంటికి పోయి మళ్ళీ తలస్నానం చేసి, భార్యతో కూడా మాట్లాడకుండా పడుకున్నారట.

ఆఖరి లైన్ మాత్రం కదలడం లేదు. కొండ దిగి ఘాట్ రోడ్డు మలుపు దాకా పోయింది. "ముందుకు జరగండి" అనే మాట వీరభద్రం నోటికి రావడమే మానేసింది. జరగడానికి ముందెక్కడుంది?

రిటైర్మెంటు ఇంక ముంచుకొచ్చింది. వీరభద్రం ధైర్యం కూడగట్టుకుని ఈవోగారి గదిలోకి వెళ్ళాడు.

"స్టాఫ్ దర్శనం విషయమండి. అమ్మనొక్కదాన్నీ తెచ్చుకుంటాను."

విశ్వపతిగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "వీరభద్రం, నీ సేవల్ని శాఖ మరిచిపోదు. అయితే కొత్త నిబంధనలు వచ్చాక పాత దర్శనాలన్నీ రద్దు. పైగా మీ అమ్మగారు, ఇలా అంటున్నానని ఏమీ అనుకోకు, మనిషి."

"అవునండి."

"పుట్టుకతోనా?"

"అవునండి."

"మరి నేను మినహాయింపు ఎలా ఇవ్వను చెప్పు? రేపు ప్రతివాడూ మనిషినంటూ వస్తాడు." ఆయన గొంతు తగ్గించారు. "నీ మీద అభిమానం కొద్దీ చెప్తున్నాను, ఏదో ఒక జీవిని చూసుకో. అమ్మగారు సహాయకురాలిగా వెళ్ళిపోతారు."

వీరభద్రం కొండ కిందికి పోతే అద్దె మేకలన్నీ శ్రావణం దాకా బుక్కయిపోయాయన్నారు. చిలకలవాళ్ళు ఫోనే ఎత్తలేదు. చివరికి పక్కింటి చిట్టెమ్మ తన గేదెని ఇస్తానంది. నుదుటి మీద తెల్లమచ్చ ఉన్నందుకు దాని పేరు చుక్క. పాలిస్తుంది, మేస్తుంది, పడుకుంటుంది. అంతకు మించి ప్రతిభ కనబరిచిన దాఖలాలు లేవు. గేదెల స్థానం ఇంకా పరిశీలనలోనే ఉంది గనుక ఆశ ఉందని వీరభద్రం అనుకున్నాడు.

మాణిక్యమ్మ మండిపడింది. "గేదెకి తోడుపెళ్ళికూతుర్లా వెళ్ళాలా నేను? నీ కళ్ళ కోసం మొక్కుకున్నాన్రా, ఆ చిట్టెమ్మ గేదె కళ్ళ కోసం కాదు!"

"ఒక్కరోజేనమ్మా."

"ఇన్నాళ్ళూ నీ నిజాయితీ కోసం ఆగాను. నా కళ్ళకి పొర కమ్మేదాకా ఉంది నీ నిజాయితీ. ఇప్పుడు గేదె కోసం ఆగమంటావు." ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. వీరభద్రానికి ఏడుపొచ్చింది. తనది నిజాయితీ కాదు, ఎవరేమనుకుంటారోనన్న భయం అని అతనికి తెలుసు. ఆ మాట అమ్మతో అనలేక చుక్కకి కుడితి పెట్టడానికి వెళ్ళాడు. దిగులుతో ఎంత పెడుతున్నాడో చూసుకోలేదు. తొట్టి నిండా పెట్టాడు, తరువాత రెండు బుట్టల తవుడు పెట్టాడు, పొద్దున్నే వ్యాన్ ఎక్కించే ముందు మళ్ళీ పెట్టాడు.

పరీక్ష కల్యాణమండపంలో. మూడు ఇత్తడి గిన్నెలు బోర్లించి ఒకదాని కింద జీవిని బట్టి తిండి పెడతారు, గేదెకైతే తవుడు. బుద్ధిగల జీవి వాసన పట్టి గిన్నె తొయ్యాలి. అంతకు ముందు వచ్చిన వేటకుక్క రెప్పపాటులో బిస్కట్ల గిన్నె తోసేసింది.

చుక్క గిన్నెల ముందు నిలబడింది. మూడింటి వైపూ ఒకసారి చూసింది. తరువాత మొహం పక్కకి తిప్పుకుని, కళ్ళు సగం మూసుకుని, నెమరు వేయడం మొదలుపెట్టింది. కుక్కలు అరిచాయి, మైకులో నామం వినిపించింది, ఎవరో అదిలించారు. అది కదల్లేదు. కడుపులో జాగా లేదు పాపం.

సర్వేశ్వరంగారు మెల్లిగా లేచి నిలబడ్డారు.

"అయ్యా, ఇవాళొచ్చిన జీవులన్నీ గిన్నె తోశాయి. ఇది తొయ్యలేదు. తవుడుందని తెలియకా? తెలుసు! అక్కర్లేదంది. దీన్నేమంటారు? వైరాగ్యం! ఇంతకాలం మనం తెలివిని కొలిచాం, తెలివికి అవతల ఉన్నదాన్ని మరిచిపోయాం."

"ఏనుగుకన్నా పైనా?" అన్నారు విశ్వపతిగారు.

"ఏనుగు చెరుకు తిందయ్యా!"

అలా కోటికొండ మీద సమస్త జీవకోటికీ చుక్క పెద్దదైంది. మెడలో దండ వేశారు. దండ మాత్రం తినేసింది, పూలు కదా మరి.

మండపం చివర పీట మీద కూర్చున్న మాణిక్యమ్మ అంతా విని, కర్ర పట్టుకుని ముందుకొచ్చింది. "బాబూ, నన్నూ అడగండి ఆ పరీక్ష."

"అమ్మా, ఊరుకో" అన్నాడు వీరభద్రం.

"నువ్వుండ్రా. ఎండ్రకాయ కిందంట నేను. తేలిపోనీ."

సర్వేశ్వరంగారికి ముచ్చటేసింది. శాస్త్రం కోసం సరేనన్నారు. గిన్నె కింద పులిహోర పెట్టించారు. మాణిక్యమ్మ గిన్నెల ముందు కూర్చుంది. ఇంగువ వాసన మండపమంతా కమ్మేసింది. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. చాలాసేపు చూసి ఆచార్యులవారు తల అడ్డంగా ఊపారు.

"ఆహారాన్ని గుర్తించలేకపోయింది. బుద్ధి మందగించినట్టుంది. ఫెయిల్."

"అయ్యా, గేదె తినకపోతే వైరాగ్యమన్నారు కదండి" అన్నాడు వీరభద్రం. జీవితంలో పైఅధికారికి అతను ఎదురు చెప్పడం అదే మొదలు. ఆ రోజే ఆఖరు కాబట్టి నోరు లేచింది.

"అది గేదె కదయ్యా" అన్నారు సర్వేశ్వరంగారు, ఓపిగ్గా.

"మొక్కు తీరేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టనని బయల్దేరాను బాబూ. మీరేమో పులిహోర పెట్టారు" అంది మాణిక్యమ్మ. ఆ మాట వినేందుకు అక్కడెవరూ లేరు. అందరూ చుక్క కాళ్ళకి పసుపు రాస్తున్నారు.

మేళతాళాలతో చుక్క బయల్దేరింది. పలుపు మాణిక్యమ్మ చేతిలో. ఒంటి మీద జరీ అంచు చీర, కొంగున వెండి కళ్ళ మూట. పక్కనే డ్యూటీ మీద వీరభద్రం. వెనక చిలకలు, కోతులు, కుక్కలు, మేకలు, వాటి సహాయకులుగా వచ్చిన కాంట్రాక్టర్లు, కాలేజీల యజమానులు, వాళ్ళ భార్యలు. గర్భాలయం గడప ముందుకు రాగానే, అక్కడి నల్లరాతి చలవ చుక్కకి నచ్చింది. ముందు కాళ్ళు మడిచింది, వెనక కాళ్ళు మడిచింది, గడపకి అడ్డంగా పడుకుంది.

దాటి వెళ్ళడానికి లేదు. దానికన్నా పైస్థాయి జీవి సృష్టిలోనే లేదని కాసేపటి కిందటే తేలింది. లేపడానికీ లేదు. కిందిస్థాయి వాళ్ళు పైస్థాయి వారిని అదిలించరాదు. మేళం ఆగింది. కుక్కలు చిలకల్ని చూసి మొరిగాయి. ఒక మేక ఎవరిదో పట్టుపంచె నమలడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే మంత్రిగారు వచ్చారు. పుట్టినరోజు దర్శనం, పక్కన కుటుంబం, వెనక కెమెరాలు. విశ్వపతిగారు పరుగున వెళ్ళి ఒక తెల్లమేక తాడు ఆయన చేతిలో పెట్టి, దాని వెనక నిలబెట్టారు. మంత్రిగారు దేవస్థానం మర్యాద కాబోలనుకున్నారు. చాలాసేపు నిలబడ్డాక ఆయనకి చెమటలు పట్టాయి.

"ఏంటయ్యా ఆలస్యం?"

"ముందు పెద్దవారు పడుకున్నారండి."

"ఎవరు?"

విశ్వపతిగారు చూపించారు. మంత్రిగారు గేదెని చూశారు, ఈవోని చూశారు, తన చేతిలో తాడు చూసుకున్నారు. "ఏ బుద్ధిలేనివాడు పెట్టాడయ్యా ఈ రూలు?"

"తమరి దివ్యవాక్కేనండి. కోతి సందర్భంలో సెలవిచ్చారు. అక్షరం పొల్లుపోకుండా అమలు చేశాం."

మంత్రిగారు వెనక్కి తిరిగి చూశారు. కెమెరాలు తిరుగుతున్నాయి. తన మాట తానే కాదనడానికి లేదు. దాని ప్రకారం మేక వెనక నిలబడ్డానికీ ఓపిక లేదు.

అవతల మాణిక్యమ్మకి ఈ గొడవలేవీ తెలియవు. ఆవిడకి తెలిసిందల్లా గడప అవతల దేవుడున్నాడని, ఇవతల గేదె పడుకుందని, చూపు మసగ్గా ఉందని. కాసేపు చూసింది. తరువాత చుక్క డొక్క మీద అరచేత్తో చెళ్ళున ఒకటిచ్చింది. "లేవే చుక్కా! పాలేళయింది, చిట్టెమ్మ వత్తాంది!"

చుక్క గబుక్కున లేచి నిలబడింది.

మంత్రిగారి మొహం వెలిగిపోయింది. ఇలాంటి దారులు వెతుక్కుంటూనే ఆయన కెమెరాల ముందు ఇన్నేళ్ళు బతికారు. మేక తాడు ఎవరికో ఇచ్చేసి ముందుకొచ్చి మాణిక్యమ్మ చెయ్యి పట్టుకున్నారు. "చూశారా! గేదె ఎంత పైనున్నా ఈ తల్లి మాట విన్నది. ఇలాంటి పెద్దమ్మని వెంటబెట్టుకుని వెళ్తే స్వామి కాదంటాడా? అసలు ఆత్మంటే ఈ తల్లిదయ్యా!"

అందరూ చప్పట్లు కొట్టారు. విశ్వపతిగారు కొట్టలేదు. ఆయన రాసుకుంటున్నారు.

ఆ విధంగా మాణిక్యమ్మ మంత్రిగారి చెయ్యి పట్టుకుని గడప దాటింది. వెనకే వీరభద్రం, ఆ వెనక చుక్క. వెండి కళ్ళు పళ్ళెంలో పెట్టి, చేతులు జోడించి, మొహం ముందుకు చాపి నిలబడింది. హారతి ఇచ్చారు. కెమెరాల లైట్లు వేశారు. మంత్రిగారి తలకాయ అడ్డమొచ్చింది, తప్పుకుంది, మళ్ళీ అడ్డమొచ్చింది.

బయటికొచ్చాక వీరభద్రం అడిగాడు. "కనపడ్డాడా అమ్మా?"

మాణిక్యమ్మ మెట్టు మీద కూర్చుంది. "ఏదో వెలుగు కనపడిందిరా. పక్కన చుక్క మొహం మాత్రం బాగా కనపడింది, దగ్గరగా ఉంది కదా. దానికి దణ్ణం పెట్టుకున్నాను. పోన్లే, ఆయన నన్ను చూసుంటాడు." కొడుకు తల మీద చెయ్యేసింది. "కిందటేడైతే బాగా ఆనేవాడురా" అంది. వీరభద్రం అక్కడే, ఇంతకాలం తను జనాన్ని జరగమన్న చోటే, అమ్మ ఒళ్ళో మొహం పెట్టి ఏడ్చాడు. లైన్లో వాళ్ళు, రిటైరయ్యాడుగా పాపం అనుకున్నారు.

కొత్త ఉత్తర్వు వారంలోపే వచ్చింది. జీవకోటి జాబితా రద్దు. ఇకపై వృద్ధమాత వెంట వచ్చిన వారికి ప్రథమ దర్శనం. ఒక్కో మాతకు నలుగురు సహాయకులు. మాత ఎవరికి మాత అన్నది నిబంధనల్లో లేదు.

వీరభద్రం ఇప్పుడు ఖాళీ. ఒక సాయంత్రం తల్లీ కొడుకులు కొండ కింది వీధిలో తమ ఇంటి అరుగు మీద కూర్చుని ఉండగా, పెద్ద కారొకటి వచ్చి ఆగింది. ఎదుటి కొట్టు మీద మేకల బోర్డు తీసేసి 'దర్శనానికి అమ్మలు అద్దెకివ్వబడును' అని రాయిస్తున్నారు. కొట్టులో అప్పటికే అందరూ అయిపోయినట్టున్నారు. కారులో వచ్చినాయన వీరభద్రం దగ్గరికొచ్చి మర్యాదగా నమస్కారం పెట్టాడు.

"అయ్యా, ఈవిడ ఖాళీయేనా? రేపు పొద్దున్న ఒక్క గంటకి ఇస్తారా?"

వీరభద్రం లేచి నిలబడ్డాడు. ఏమనేవాడో గానీ మాణిక్యమ్మ అతని చెయ్యి పట్టి ఆపింది. కళ్ళు చికిలించి గొంతు వచ్చిన వైపు చూసింది.

"మీ అమ్మ లేదా నాయనా?"

"ఉందండి, లేకేం. ఊళ్ళో ఉంది. ఆవిణ్ణి తీసుకురావాలంటే ఒక పూటంతా పోతుందండి. పైగా కారెక్కితే పడదు, మధ్యలో రెండుసార్లు ఆపాలి. మాకు రేపు తొమ్మిదికల్లా అయిపోవాలి."

మాణిక్యమ్మ కర్ర అందుకుని, కొడుకు భుజం ఆసరాగా లేచింది.

"ఒరే ఈరభద్రం, ఆ గేదెల రూలే బాగుందిరా" అని, ఇంట్లోకి నడిచింది.